నది వైపు ముఖము త్రిప్పిన నగరము

నదులు నగరములను పుట్టించును. నగరములు పెరిగి పెద్దవైన పిదప తమ్ము పుట్టించిన నదులను మరచును. ఇది ఏ ఒక్క దేశమునకో చెందిన సంగతి కాదు. పడవల రేవు కొరకు ఏటి యొడ్డున నాలుగు గుడిసెలు వెలయును. గుడిసెలు గ్రామమగును, గ్రామము పట్టణమగును. అటుపిమ్మట రైలు వచ్చును, కర్మాగారములు వచ్చును, ఏటి గట్టు గిడ్డంగులకును చెత్తకుప్పలకును నెలవగును. ఇండ్ల వీధి గుమ్మములు బజారు వైపునకు, పెరటి గోడలు ఏటి వైపునకు తిరుగును. ఇట్లు ఏటికి వెన్ను చూపిన నగరములు లోకమున కోకొల్లలు. మరల వెనుదిరిగి ఏటి మొగము చూచిన నగరములు మాత్రము అరుదు. అట్టి అరుదైన వానిలో ఒకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని చట్టనూగా.

అమెరికా యనగానే మనకు న్యూయార్కు నగరపు ఆకాశహర్మ్యములు, వాషింగ్టనులోని శ్వేతసౌధము గుర్తుకు వచ్చును. మన విద్యార్థుల భూగోళ పాఠములలోను అట్టివాని పేర్లే వినవచ్చును. కాని ఒక దేశపు స్వభావము తెలియవలెనన్న దాని మహానగరములను గాక మధ్యరకపు ఊళ్ళను చూడవలెను. 2020 జనాభా లెక్కల ప్రకారము చట్టనూగాలో నివసించువారు 1,81,099 మంది. మన జిల్లా ముఖ్యపట్టణములలో కొన్నింటికంటె అది చిన్న ఊరు. ఐనను ఆ దేశ చరిత్రలోని వెలుగును చీకటియు రెండును ఆ చిన్న ఊరి వీధులలో ప్రక్కప్రక్కన నిలిచియున్నవి.

కొండలు, ఏరు, పేరు

చట్టనూగా టెన్నెస్సీ రాష్ట్రమునకు ఆగ్నేయపు కొసన, జార్జియా రాష్ట్రపు సరిహద్దును ఆనుకొని యున్నది. అపలాచియను కొండలనుండి దిగివచ్చు టెన్నెస్సీ నది ఇచ్చట లుకౌట్ పర్వత పాదమును తాకి, పాము వలె మెలిక తిరుగును. పర్వతము మీదినుండి చూచినచో ఆ మెలిక నడుమ నేల చెప్పు తొడిగిన పాదము వలె కనుపించును. అందుచే దానికి మొకాసిన్ వంపు అని పేరు వచ్చినది. మొకాసిన్ అనగా అచ్చటి ఆదివాసులు తొడుగు మెత్తని తోలుచెప్పు. ఆ వంపున మానవులు వేల ఏండ్లుగా నివసించిన ఆనవాళ్ళు కలవు. తూర్పున మిషనరీ రిడ్జి అను కొండవరుస, నైరృతి దిక్కున లుకౌట్ పర్వతము, నడుమ నది. ఈ అమరికయే ఊరికి అందమును ఇచ్చినది. దాని కష్టములకును ఈ అమరికయే కొంత కారణమైనది. చట్టనూగా అను మాటకు ఆదివాసుల భాషలో ‘కొనదేరిన రాయి’ అని అర్థమనియు, అది లుకౌట్ పర్వతమును ఉద్దేశించి పుట్టిన పేరనియు సాధారణముగా చెప్పుదురు.

కాని ఊరి మొదటి పేరు అది కాదు, రాస్ రేవు. తండ్రి వైపున స్కాట్లండు వంశము, తల్లి వైపున చెరోకీ వంశము గల జాన్ రాస్ అనునతడు 1816 ప్రాంతమున ఏటి దక్షిణపు గట్టున రేవును, అంగడిని నెలకొల్పెను. 1828లో అతడు చెరోకీ జాతికి ప్రధాన నాయకుడయ్యెను.

ఆనాటి చెరోకీలు అడవులలో వేటాడుకొని తిరుగు జనము కారు. వారికి పొలములు, బడులు, లిఖితమైన రాజ్యాంగము ఉండెను. వారిలో సెక్వోయా అను పనివాడు, ఆంగ్లము చదువనేరనివాడు, తన భాషకు తానే లిపిని కల్పించి 1821 నాటికి పూర్తిచేసెను. అందు తొలుత 86 గుర్తులు. ఆంగ్లమునందు వలె ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క ధ్వనికి గాక, ఒక్కొక్క పూర్తి అక్షరమునకు చెల్లును. తెలుగులో ‘క’కు గుడి పెట్టిన ‘కి’, కొమ్ము పెట్టిన ‘కు’ అగును. ఆ లిపిలో గుణింతము లేదు. ‘క’, ‘కి’, ‘కు’లకు ఒకదానితో నొకటి పోలిక లేని వేర్వేరు గుర్తులుండును. ఐనను నేర్చుట సులభము. కొలది ఏండ్లలోనే ఆ జాతిలో చదువరులు పెక్కుమంది యైరి. 1828లో చెరోకీ, ఆంగ్ల భాషలు రెండింటిలోను వారి పత్రిక వెలువడెను. పలకా బలపముతో పిల్లలకు ఓనమాలు దిద్దించు మన ఉపాధ్యాయులు ఈ పనివాని ఘనతను ఇతరులకంటె బాగుగా గ్రహింపగలరు.

ఇట్టి జాతిని వారి నేలనుండి వెడలగొట్టుటకు 1830లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసెను. 1832లో సర్వోన్నత న్యాయస్థానము చెరోకీల నేల మీద జార్జియా రాష్ట్రపు చట్టములు చెల్లవని తీర్పు చెప్పెను. ఆ తీర్పును అమలు జరుపువారు లేకపోయిరి. 1835లో జాతి సమ్మతి లేని కొద్దిమందిచేత ఒడంబడిక మీద సంతకములు చేయించిరి. రాస్ చేయలేదు. అతని విన్నపములను ఎవరును చెవినిడలేదు. 1838 జూన్ నెలలో సైనికుల కావలి నడుమ చెరోకీల మొదటి గుంపులు పడవలెక్కినది ఈ రాస్ రేవులోనే. సుమారు 16,000 మందిని పడమటికి తరలించిరి. శిబిరములలోను దారిలోను రోగముచేత, చలిచేత, ఆకలిచేత సుమారు 4,000 మంది మరణించిరని అంచనా. దారిలో కన్నుమూసినవారిలో రాస్ భార్యయు ఉండెను. ఆ బాటకు చరిత్రలో కన్నీటి బాట అని పేరు.

ఆ 1838లోనే రాస్ రేవు అను పేరు తీసివేసి, ఊరికి చట్టనూగా అని పేరు పెట్టిరి. మరుసటి ఏట దానికి పట్టణ ప్రతిపత్తి లభించెను. ఆదివాసి నాయకుని పేరు పోయినది; ఆదివాసుల మాట మాత్రము ఊరికి పేరుగా మిగిలినది. మనుష్యులను పంపివేసి మాటను ఉంచుకొనుట చరిత్రలో తరచుగా జరుగు పనియే.

రైలు, యుద్ధము, ఇనుము

1850లో అట్లాంటా వైపునుండియు, 1854లో నాష్‌విల్ వైపునుండియు రైలుమార్గములు ఇచ్చటికి వచ్చి కలిసినవి. కొండల నడుమ సందు వంటి ఈ తావు దక్షిణదేశమునకు ద్వారమైనది. అంతర్యుద్ధ కాలమున ఉభయ సైన్యముల కన్నును ఈ ద్వారము మీదనే పడెను. 1863 సెప్టెంబరు 19, 20 తేదీలలో సమీపమందలి చికమాగా యొద్ద జరిగిన పోరులో చనిపోయినవారు, గాయపడినవారు, కనుపింపకుండ పోయినవారు కలిసి సుమారు 34,000 మంది. ఆ యుద్ధమున గెటిస్‌బర్గు తరువాత ఇంతటి నష్టము మరియొక చోట జరుగలేదు. దక్షిణ సైన్యము గెలిచెను. ఉత్తర సైన్యము ఊరిలో చిక్కుకొని ఆకలికి మాడెను. నవంబరులో జనరల్ గ్రాంటు నాయకత్వమున ఆ సైన్యమే లుకౌట్ పర్వతమును, మిషనరీ రిడ్జిని పట్టుకొని ముట్టడిని ఛేదించెను. దాస్యమునుండి పారిపోయి వచ్చిన నల్లజాతివారు ఏటి ఉత్తరపు గట్టున శిబిరముగా స్థిరపడిరి. 1890లో ఆ రణభూములను ప్రభుత్వము రక్షిత స్థలముగా ప్రకటించెను. ఆ దేశమున ఇట్టి జాతీయ రణభూమి వనములలో ఇదియే మొదటిది.

యుద్ధానంతరము ఊరు పరిశ్రమలకు పట్టుగొమ్మయైనది. సమీపమున బొగ్గు, ఇనుపరాయి దొరకును. రవాణాకు రైలున్నది, నది యున్నది. నిన్న యుద్ధమునకు వచ్చిన ఉత్తరాది సేనానులే నేడు మూలధనముతో వచ్చి కొలుములు పెట్టిరి. 1878లో అడాల్ఫ్ ఆక్స్ అను ఇరువదేండ్ల యువకుడు చట్టనూగా టైమ్స్ పత్రికను చేపట్టెను. 1896లో న్యూయార్క్ టైమ్స్ పత్రికను కొని దానికి ఖ్యాతి తెచ్చినవాడు అతడే. 1899లో ఈ ఊరి న్యాయవాదులు ఇద్దరు అట్లాంటాకు పోయి, కోకాకోలాను సీసాలలో నింపి అమ్ముకొను హక్కును ఒక్క డాలరుకు సంపాదించిరి. సీసాలలో ఆ పానీయము అమ్ముడుపోవునని దాని యజమానికి నమ్మకము లేదు! ఆ ఒక్క డాలరు హక్కునుండి ఊరిలో కొన్ని కుటుంబములకు కోట్లు చేరినవి. ఆ సీసాల ధనములో కొంత, శతాబ్ది గడచుచుండగా, ఏటి గట్టునకు తిరిగి వచ్చిన కథను ముందు చెప్పుదును.

వంతెన

1891లో నదిమీద ఇనుప వంతెన వెలసెను. దాని పేరు వాల్నట్ వీధి వంతెన. పొడవు సుమారు 2,370 అడుగులు. దక్షిణపు గట్టుననున్న బజారును, ఉత్తరపు గట్టుననున్న ఇండ్లను అది కలిపినది. ఊరికి అదియొక అలంకారము. కాని 1893లో ఒక నల్లజాతి మనుష్యుని, 1906లో మరియొకని, మూకలు ఆ వంతెనకే ఉరితీసినవి.

ఆ రెండవవాని పేరు ఎడ్ జాన్సన్. ఒక శ్వేతజాతి స్త్రీపై అత్యాచారము చేసెనని అతనిపై నేరము మోపిరి. ఆ సమయమున అతడు మరియొకచోట నుండెనని పలువురు సాక్ష్యము చెప్పినను మరణశిక్ష విధించిరి. అప్పుడు ఊరిలోని నల్లజాతి న్యాయవాదులు నోవా పార్డెన్, స్టైల్స్ హచిన్స్ ఆ వ్యాజ్యమును చేపట్టిరి. పార్డెన్ వాషింగ్టనునకు పోయి సర్వోన్నత న్యాయస్థానమునందు న్యాయమూర్తి హార్లన్ ఎదుట మొరపెట్టుకొనెను. 1906 మార్చి 19న ఆ న్యాయస్థానము ఉరిశిక్షను నిలిపివేయుచు ఆజ్ఞ యిచ్చెను. ఆ రాత్రియే మూక చెరసాల తలుపులు పగులగొట్టి, జాన్సనును వంతెన మీదికి ఈడ్చుకొనిపోయి చంపెను. చెరసాలను కాపాడవలసిన షరీఫు రక్షకభటులను అచ్చట ఉంచలేదు.

1832లో చెరోకీల విషయమున వృథాయైన సర్వోన్నత న్యాయస్థానపు మాట ఈ మారును ఆ నది యొడ్డున వృథాయైనది. కాని ఈ మారు న్యాయస్థానము ఊరకుండలేదు. ఆజ్ఞను ధిక్కరించినారని షరీఫు జోసెఫ్ షిప్పును, మరి కొందరిని తానే విచారించి 1909లో దోషులని తీర్పు చెప్పెను. ఆ న్యాయస్థాన చరిత్రలో అది స్వయముగా జరిపిన నేరవిచారణ ఇది యొక్కటియే. శిక్ష మాత్రము స్వల్పము; షిప్పునకు తొంబది దినముల కారాగారము. అతడు విడుదలయై వచ్చినప్పుడు వేలమంది ఎదురేగి స్వాగతము పలికిరి. పార్డెన్, హచిన్స్ మాత్రము ప్రాణభయముతో ఊరు విడిచి పోవలసివచ్చెను.

అణచినను గొంతులు ఆగలేదు. ఈ ఊరి పేదవాడలో పుట్టి, తొమ్మిదవ వీధిలో పాడి చిల్లర డబ్బులు ఏరుకొనిన బెస్సీ స్మిత్ అను నల్లజాతి బాలిక, తరువాత బ్లూస్ గానమున దేశమునకు సామ్రాజ్ఞి యనిపించుకొనెను. 1960 ఫిబ్రవరి 19న హోవర్డు పాఠశాల విద్యార్థులు, నల్లవారికి చోటులేని అంగళ్ళ భోజన బల్లలయొద్దకు పోయి నిశ్శబ్దముగా కూర్చుండిరి. ఇతర నగరములలో ఇట్టి సత్యాగ్రహము సాధారణముగా కళాశాల విద్యార్థులు నడపిరి. ఇచ్చట నడపినవారు బడిపిల్లలు. ఆ దినములలో రక్షకభటులు గుంపుల మీద నీటిగొట్టములను ప్రయోగించిరి. ఐనను ఆ యేటి ఆగస్టులో ఆ బల్లలు అందరికిని తెరువబడెను.

పొగ

1933లో ఏర్పడిన టెన్నెస్సీ లోయ ప్రాధికార సంస్థ ఈ నదిని కట్టుదిట్టము చేసెను. అంతకుముందు వరదలు ఊరిని ముంచెత్తుచుండెడివి. 1867 నాటి వరద సైనికులు కట్టిన వంతెనను కొట్టుకొనిపోయెను. 1940లో చికమాగా ఆనకట్ట పూర్తియై, అధ్యక్షుడు రూజ్వెల్టు దానిని ప్రారంభించెను. ఈ సంస్థను మాదిరిగా గొనియే 1948లో మన దేశమున దామోదర లోయ సంస్థ వెలసెను. వరద తగ్గెను, విద్యుత్తు చౌకయయ్యెను, కర్మాగారములు పెరిగెను. 1941లో వచ్చిన ‘చట్టనూగా చూ చూ’ అను రైలుపాట ఊరి పేరును దేశమంతట మారుమ్రోగించెను.

పాట దేశమును చుట్టివచ్చెను. పొగ మాత్రము ఊరిలోనే నిలిచెను. చుట్టును కొండలుండుటచే క్రింది చల్లని గాలి మీదికి లేవలేదు. పొగగొట్టముల మసి గిన్నెలో పోసినట్లు లోయలో నిలిచిపోయెడిది. పట్టపగలు వాహనములు దీపములు వెలిగించుకొని పోయెడివి. ఉదయము తొడిగిన తెల్లచొక్కా మధ్యాహ్నమునకు మసిబారెడిదని ఆనాటివారు చెప్పుకొందురు. 1969లో, దేశమునకెల్ల మురికిగాలి గల నగరము ఇదియేనని దేశమంతట ప్రకటితమయ్యెను. పిమ్మట కర్మాగారములు ఒక్కొక్కటియే మూతపడెను. ప్రయాణికుల బండ్లును నిలిచిపోయెను. 1978లో ముసలి వంతెనను మూసివేసిరి. 1980లో శ్వేతాహంకార మూక యొకటి తొమ్మిదవ వీధిలో నల్లజాతి స్త్రీలపై కాల్పులు జరిపెను. 1980, 1990 లెక్కల నడుమ ఊరి జనాభాలో నూటికి పదిమంది తగ్గిరి.

మలుపు

ఒక ఊరు క్షీణించుచున్నప్పుడు రెండు మార్గములుండును. ఎవరో వచ్చి ఉద్ధరింతురని ఎదురుచూచుట ఒకటి; ఊరివారందరు కూర్చుండి తమకేమి కావలెనో తామే అనుకొనుట రెండవది. 1969లోనే గాలిని శుభ్రపరచుటకు కఠినమైన నిబంధనలు చేసి, ఇరువదేండ్లలో ప్రభుత్వ ప్రమాణములను అందుకొనుటతో ఊరికి తన శక్తి తెలిసినది. 1984లో బహిరంగ సభలు జరిపిరి. సుమారు 1,700 మంది వచ్చి, 2000వ సంవత్సరము నాటికి ఊరు ఎట్లుండవలెనో చెప్పిరి. నలుబది లక్ష్యములు తేలినవి. అన్నిటి నడుమ నిలిచినది నది.

ఇచ్చటనే సీసాల ధనము ఏటికి తిరిగి వచ్చినది. ఆ వ్యాపారమున గడించిన కుటుంబపు ధర్మనిధి చేయూతతో, 1992లో పూర్వపు రాస్ రేవు చెంతనే సుమారు నాలుగున్నర కోట్ల డాలర్ల వ్యయముతో టెన్నెస్సీ ఆక్వేరియం అను జలచర ప్రదర్శనశాల వెలసెను. వాన చినుకు అపలాచియను కొండ మీద పడినది మొదలు మెక్సికో సింధుశాఖలో కలియువరకు నడచు దారియే అందలి కథ. భూగోళ పాఠము కంటి యెదుట నడచినట్లుండును. 1993లో మూతపడిన వంతెన పాదచారులకొరకు తిరిగి తెరువబడెను. నేడు సాయంకాలమున అచ్చట పిల్లలు పరుగెత్తుదురు, వృద్ధులు గాలి పీల్చుకొందురు.

ఊరి విద్యుత్ సంస్థ ప్రైవేటు వారిది కాదు, ప్రజలది. అది తన తీగెల వెంట గాజునారలను పరచి, 2010లో సెకనుకు ఒక గిగాబిట్ వేగముగల ఇంటర్నెట్టును ఇంటింటికిని అందించెను. అంతటి వేగము ఊరంతటికి ఇచ్చినది ఆ దేశమున ఇదియే మొదలు. 2020లో మహమ్మారిచే బడులు మూతపడినప్పుడు సుమారు 28,000 మంది పేద విద్యార్థుల ఇండ్లకు ఆ సౌకర్యమును ఉచితముగా ఇచ్చుటకు పూనుకొనిరి. ఒకప్పుడు యుద్ధములకొరకు ప్రేలుడు పదార్థములు చేసిన నేలమీద 2011 నుండి ఫోక్స్‌వాగన్ కార్లు తయారగుచున్నవి. 2024లో ఆ కార్మికులు ఓటువేసి సంఘము కట్టుకొనిరి. 2025లో చట్టనూగా ‘జాతీయ వన నగరము’ అను పేరును పొందెను. ఉత్తర అమెరికాలో ఆ పేరు పొందిన మొదటి నగరమిదియే.

చూడవలసినది

ఇంతవరకు చెప్పిన అభ్యుదయమును ప్రచార పత్రములు అన్నియు చెప్పును. అవి సామాన్యముగా త్వరత్వరగా దాటిపోవు మాట యొకటి కలదు. ఏటి వైపు ముఖము త్రిప్పినవారికి ఏరు మాత్రమే కనుపింపదు. ఏటి గట్టున జరిగినదియు కనుపించును. చట్టనూగా దానిని చూచుటకు కొంత కాలము పట్టినది. 2005లో పూర్వపు రేవు నొద్ద, చెరోకీ కళాకారుల కూర్పుతో, నీటి ధారలు జారు మెట్ల బాట నొకదానిని నిర్మించి, పడవలెక్కి పోయినవారిని స్మరించిరి. 2000లో ఒక న్యాయస్థానము ఎడ్ జాన్సనుపై తీర్పును కొట్టివేసెను. 2021 సెప్టెంబరులో వంతెన దక్షిణపు కొసన అతనికిని, అతని న్యాయవాదులు ఇద్దరికిని విగ్రహములు వెలసెను. వంతెన తిరిగి తెరచిన పిదప ఇరువది యెనిమిదేండ్లు ఆ మీదుగా వాహ్యాళికి పోయినవారికి, అది ఏ వంతెనయో చెప్పు విగ్రహము లేదు. అందమును చూచుటకంటె సత్యమును చూచుట ఊళ్ళకు సైతము కష్టము.

ఆ పని పూర్తియైనదని చెప్పుటకు వీలులేదు. ఏటి గట్టు అందగించిన కొలది ఇండ్ల వెలలు, అద్దెలు పెరుగును. పొగలో ఊరిని విడువక కాచుకొని యున్న పేదలే వెలుతురు వచ్చిన పిదప ఊరు విడువవలసిన స్థితి కలుగును. ఆ వీధులలో నల్లజాతి కుటుంబములు ఎన్ని నిలువగలవను ప్రశ్న నేడు ఆ ఊరిలో వినబడుచునేయున్నది. రేవునుండి ఒక జాతిని పంపివేసిన చరిత్ర గల ఊరికి అది చిన్న ప్రశ్న కాదు.

నగరముల వృద్ధిని కొలుచుటకు జనాభా లెక్కలు, భవనముల ఎత్తులు, తీగెల వేగములు చాలవు. ఎవరిని పంపివేసినారు, ఎవరిని పిలిచినారు, చేసిన దానిని ఏ రాతి మీద వ్రాసికొన్నారు అనునవి కూడ లెక్కలో చేర్చవలెను. ఉపాధ్యాయులు రేపు తరగతిలో అమెరికా పటమును విప్పినప్పుడు టెన్నెస్సీ నది వెంట వ్రేలు జరిపి, జార్జియా సరిహద్దు నొద్ద ఒక్క క్షణము ఆపుదురుగాక. అచ్చటి చిన్న చుక్క యొద్ద పిల్లలకు చెప్పుటకు ఒక లిపి యున్నది, ఒక రేవున్నది, ఒక వంతెన యున్నది, భోజన బల్ల ముందు నిశ్శబ్దముగా కూర్చున్న బడిపిల్లలున్నారు.